ట్రిగ్గర్ చెడిన రైఫిల్: కడిగితే చాలా, పార్టు మార్చాలా, ఫ్యాక్టరీకే తీసుకెళ్ళాలా?

2024 ఎన్నికలకు ముందు అందరిలాగే మేమూ రైఫిల్‌ను పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాం. ఫలితాలు వచ్చాక తెచ్చుకుని, వసారాలో గోనెపట్టా పరిచి ముందు పెట్టుకు కూర్చున్నాను. తూటాలుండే మ్యాగజైన్ తీశాను. గొట్టంలో తూటా కూర్చునే ఛాంబర్‌లో వేలు పెట్టి చూశాను, ఖాళీ. ఛాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్టు మూసి, పేలకుండా ఆపే సేఫ్టీ వేశాను. ట్రిగ్గర్ లాగాను, ఏమీ కాలేదు. కాకూడదు కూడా. వేలు బయటికి తీసి సేఫ్టీ వదిలాను.

టక్!

ట్రిగ్గర్ మీద వేలు లేదు. తూటా ఉండుంటే పేలేదే. పక్కన మంచం మీదున్న మా చిన్నాయన లేచి కూర్చుని "ఏందిరా అబ్బాయా, దానంతటదే కొట్టిందా?" అన్నాడు. ఇంకోసారి చేశాను. ఈసారి కొట్టలేదు. మూడోసారి మళ్ళీ టక్. ప్రతిసారీ కొట్టి ఉంటే ఇంత టెన్షన్ పడేవాణ్ణి కాదు. ఒకసారి కొట్టి ఒకసారి ఊరుకునేదాన్ని ఎవరు నమ్ముతారు?

మాది ఉదయగిరి దాటి సీతారామపురం వైపు, వెలిగొండల కింద ఊరు. ఇటు మాకైనా, అటు పాత ప్రకాశం జిల్లాలోని గిద్దలూరు, అర్ధవీడు, కొమరోలు వైపు వాళ్ళకైనా నాయనల కాలం నాటి లైసెన్సు రైఫిళ్ళు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. ఎక్కువగా మన ప్రభుత్వ ఆయుధాల ఫ్యాక్టరీ (ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ) చేసిన .315 సైజు రైఫిళ్ళు. వేట అనే మాట 1972 వన్యప్రాణి చట్టం, దాని 1991 సవరణతో పోయింది. అడవిపంది వేరుశనగ చేను తవ్విపోసినా అటవీ శాఖ అనుమతి లేకుండా దాని మీద తూటా పేల్చడానికి లేదు. కాబట్టి ఈ రైఫిల్ ఏడాదిలో ఎక్కువ రోజులు బీరువాలోనే ఉంటుంది. ట్రిగ్గర్లు పాడయ్యేది కూడా చాలావరకు అక్కడే, వాడి కాదు.

ఏది చూసి తేల్చుకోవాలి

డబ్బు గురించి తర్వాత ఆలోచించవచ్చు. ముందు తేలాల్సినవి మూడు.

ఒకటి, లోపం ఏ జాతిది? ట్రిగ్గర్ బరువుగా ఉండటం, గరగరలాడటం, ఒక్కోసారి ఒక్కోలా రావడం చికాకు. లాగకుండానే కొట్టడం ప్రమాదం. చికాకు పెట్టే రైఫిల్‌తో మీరు నెల రోజులు తాపీగా ఆలోచించవచ్చు. ప్రమాదమైనదాంట్లో ఇవాళ్టి నుంచే తూటా వేయకూడదు. "జాగ్రత్తగా వాడతాలే" అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

రెండు, మీ రైఫిల్‌లో ట్రిగ్గర్ దేనికి బిగించి ఉంది? ఇది వింతగా అనిపించినా సగం నిర్ణయం దీని మీదే నడుస్తుంది.

మూడు, చట్టం. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీ రిపేరు చేయడానికి విడిగా లైసెన్సు కావాలి. మీ దగ్గర ఉన్నది పెట్టుకోవడానికి ఇచ్చిన లైసెన్సు, రిపేరు చేయడానికి కాదు. తుడవడం, నూనె వేయడం మీ పని. ఆకురాయి పట్టుకున్నారంటే గీత దాటినట్టే. బస్టాండ్ దగ్గర లేత్ మిషన్ అతను ఎంత పనిమంతుడైనా అతని చేతికి ఇవ్వకూడదు. ఇచ్చినందుకు మీ మీద, చేసినందుకు అతని మీద కేసు అవుతుంది. అందుకే కింది పోలికలో లేత్ షాపును ఒక దారిగా లెక్కేయలేదు.

ముందు లోపం ఏమిటో చూడండి

తూటాలు వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. మ్యాగజైన్ తీసి, బోల్టు తెరిచి, ఛాంబర్‌లో కంటితో చూసి, వేలితో తడిమి, మళ్ళీ ఒకసారి చూసి అప్పుడు మొదలుపెట్టండి. గొట్టం మట్టి గోడ వైపో ఇసుక బస్తా వైపో ఉండాలి, మనుషులు తిరిగే వైపు కాదు. ఖాళీగా మాటిమాటికీ కొట్టించాలంటే ఛాంబర్‌లో డమ్మీ తూటా పెట్టుకుంటే తూటాను కొట్టే ఫైరింగ్ పిన్‌కు మంచిది.

మొదటి పరీక్ష నేను చేసిందే. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలేయాలి. వేలు పూర్తిగా బయటికి తీశాక సేఫ్టీ తీయాలి. పది సార్లు చేయండి. ఒక్కసారి టక్‌మన్నా ఫెయిలే.

రెండోది, బోల్టును మెల్లగా కాకుండా దబ్బున మూయడం. .315లో బోల్టు ముందుకు తోసేటప్పుడే స్ప్రింగు బిగుస్తుంది. ఫైరింగ్ పిన్ వెనక చివర ఉండే కాకింగ్ పీస్‌ను సియర్ అనే చిన్న కొక్కెం పట్టుకుని ఆపుతుంది. ఆ కొక్కెం అరిగిపోయినా, పైకి లేవకుండా అతుక్కుపోయినా కాకింగ్ పీస్ ఆగకుండా బోల్టుతో పాటే ముందుకు వచ్చేస్తుంది.

మూడోది కుదుపు పరీక్ష, అంటే స్ప్రింగు బిగించిన ఖాళీ రైఫిల్ మడమను మడత పెట్టిన గోనెసంచి మీద నాలుగైదుసార్లు దభీమని ఆనించడం. కొట్టేస్తే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

నాలుగోది తేలిక. ట్రిగ్గర్ సగం లాగి మెల్లగా వదలండి. అది పూర్తిగా ముందుకు రావాలి. మధ్యలో నిలబడిపోతే లోపల జిగురో, స్ప్రింగు నీరసమో ఉంది.

చివరిగా బరువు. సంచులు తూచే డిజిటల్ కొక్కెం త్రాసు ఇప్పుడు ఇంటింటా ఉంటోంది. దాన్ని ట్రిగ్గర్‌కు తగిలించి లాగుతూ ఎంత దగ్గర కొడుతుందో ఐదుసార్లు రాసుకోండి. పాత 303 (బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్) వంశపు ట్రిగ్గర్‌కు, అంటే .315కు కూడా, రెండు అంచెలు ఉంటాయి: మొదట ఖాళీ లాగుడు, తర్వాత గట్టి లాగుడు. రెండో అంచె రెండు కిలోల పైన, మూడు కిలోల లోపల ఉంటే కంగారు పడక్కర్లేదు, అది పుట్టుకతోనే అంత. ఐదు అంకెలూ దగ్గరదగ్గరగా రావడం ముఖ్యం. ఒకసారి రెండున్నర, ఒకసారి కిలోన్నర వస్తే అది చికాకు జాబితాలోంచి ప్రమాదం జాబితాలోకి మారిపోయింది.

ట్రిగ్గర్ దేనికి వేలాడుతోంది?

.315ను మన ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో చేసింది. బ్రిటిష్ వాళ్ళు 303 తూటాను మామూలు జనం చేతికి రానివ్వలేదు కాబట్టి వేరే సైజు తూటాతో అదే ఎముకల గూడు. ఆ పాత గూటిలో ట్రిగ్గర్ రైఫిల్ బాడీకి ఉండదు, కింద ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప చట్రానికి, అంటే ట్రిగ్గర్ గార్డుకు పిన్నుతో వేలాడుతుంది. సియర్ మాత్రం బాడీకి ఉంటుంది. రెండింటి మధ్యలో చెక్క. చెక్క ఉబ్బినా, ఎండి కుంచించుకుపోయినా, గార్డు స్క్రూ వదులైనా ట్రిగ్గర్‌కూ సియర్‌కూ మధ్య దూరం మారిపోతుంది. నవంబరులో తుపాను గాలికి కావలి, అల్లూరు వైపు ఇళ్ళలో తలుపులే పట్టేస్తాయి. కనిగిరి ఎండల్లో ఆ తలుపులకే సందులు పడతాయి. రైఫిల్ చెక్కా అంతే. మొదటి అంచె ఉన్నట్టుండి మాయమైంది అంటే చాలాసార్లు ట్రిగ్గర్ తప్పు కాదు, చెక్క తప్పు.

ఇంకో ముచ్చట. ఈ రకంలో సియర్‌ను లేపే స్ప్రింగు, మ్యాగజైన్ లాచిని నొక్కి ఉంచే స్ప్రింగు వేరువేరు కాదు. వంచిన రేకులా ఉండే ఒక్క స్ప్రింగే రెండు వైపులా పనిచేస్తుంది. మా మ్యాగజైన్ రెండేళ్ళుగా లొడలొడలాడుతోంది, పాతది కదా అని ఊరుకున్నాం. అది ట్రిగ్గర్ పంపిన కబురని అప్పట్లో తోచలేదు.

మౌజర్ అనే జర్మన్ రకం వేరు. తాతల నాటి విదేశీ రైఫిళ్ళు కొన్ని ఇవే. వాటిలో ట్రిగ్గర్ సియర్‌కు, సియర్ బాడీకి వేలాడుతాయి. చెక్క ఉబ్బితే గురి మారవచ్చు గానీ ట్రిగ్గర్ పెద్దగా మారదు. ట్రిగ్గర్ మొత్తాన్ని ఒక సెట్టుగా మార్చే వీలూ వీటికే ఎక్కువ.

మొదటి దారి: శుభ్రం, స్క్రూలు

నాలుగో పరీక్షలో మాత్రమే ఫెయిలైతే, లేదా లాగుడు గరగరలాడుతుంటే ఇక్కడే మొదలుపెట్టండి. మా చిన్నాయన రైఫిల్‌కు పెట్టే నూనె ఏమిటో తెలుసా? కొబ్బరినూనె. ముప్పై ఏళ్ళుగా అదే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మా ఊళ్ళో డిసెంబరు రాత్రులు అంతకంటే చల్లగా ఉంటాయి. పైగా ఏళ్ళ తరబడి పోసింది పోసినట్టు మగ్గి గోధుమరంగు బంకలా మారుతుంది. బోల్టు తీసి టార్చిలైటు వేస్తే సియర్ చుట్టూ అదే కనిపించింది, బెల్లం పాకం ఆరినట్టు. స్టేషన్‌లో పెట్టినందుకు చెడిందని మొదట అనుకున్నాం గానీ వాళ్ళ తప్పేమీ లేదు, నూనె మాదే.

దొరికితే కిరసనాయిలు, లేకపోతే టర్పెంటైన్. పాత టూత్ బ్రష్‌తో బోల్టు దారి వైపు నుంచి కొంచెం కొంచెంగా రుద్ది, గుడ్డతో తుడిచి, ఒక రాత్రి ఆరనిచ్చి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. చెక్కకు తగలనీయకండి. దీపం దగ్గర చేయకండి. పిన్నులు కొట్టి సియర్ ఊడదీయడం మాత్రం వద్దు.

గార్డు స్క్రూలు వదులుగా ఉంటే సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తో బిగించవచ్చు, కాకపోతే బలమంతా పెట్టకూడదు. ముందు స్క్రూ చుట్టూ చిన్న ఇనుప గొట్టం లాంటి కాలర్ ఒకటి ఉండాలి. గార్డూ బాడీ మధ్య దూరాన్ని నిలిపేది అదే. ఎవరో ఎప్పుడో విప్పి అది పోగొట్టి ఉంటే మీరు బిగించేకొద్దీ చెక్క నలుగుతుంది, ట్రిగ్గర్ ఇంకా తేడా చేస్తుంది.

ఖర్చు లేని దారి ఇది. పది లోపాల్లో ఎన్ని దీంతో పోతాయో లెక్క చెప్పలేను గానీ, దీన్ని దాటకుండా ఎవరూ రెండో దారికి వెళ్ళక్కర్లేదని నా అభిప్రాయం. ఒక్క షరతు: సేఫ్టీ పరీక్షలో, కుదుపు పరీక్షలో ఫెయిలైన రైఫిల్ కడిగాక పాసైనా సరే, ఒకసారి లైసెన్సున్న తుపాకీ మేస్త్రికి చూపించాకే తూటా వేయాలి. మాది కడిగాక తొమ్మిదిసార్లు పాసై పదోసారి టక్‌మంది.

రెండో దారి: లైసెన్సు ఉన్న మేస్త్రి, అరిగిన పార్టు

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. రిపేరు లైసెన్సు గోడకు వేలాడదీసి ఉందో లేదో చూడండి, మొహమాటపడకుండా అడగండి. మీ లైసెన్సు ఏ ఏరియా వరకు చెల్లుతుందో కూడా ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి. ముసలి తండ్రి పేరున లైసెన్సు ఉండి ఆయన ప్రయాణం చేయలేకపోతే ఒక వెసులుబాటు ఉంది. రిపేరు కోసమో రెన్యువల్ కోసమో ఆయన రాసిచ్చిన కాగితంతో వేరేవాళ్ళు తీసుకెళ్ళవచ్చని సెక్షన్ 3లోనే ఉంది. కాగితంలో రైఫిల్ నంబరు, లైసెన్సు నంబరు, ఎక్కడికి, ఎందుకు అన్నీ రాయించుకోండి.

మేస్త్రి దగ్గర రెండు రకాల పని జరుగుతుంది. ఒకటి పార్టు మార్చడం: స్ప్రింగు, సియర్, ట్రిగ్గర్. ఇంకోటి ఉన్న పార్టునే రాయి మీద రుద్ది సరిచేయడం. రెండోది చవక, వెంటనే అయిపోతుంది, ట్రిగ్గర్ వెన్నలా వస్తుంది. నాకు మాత్రం భయం. పాత పార్టుల్లో పై పొర మాత్రమే గట్టిగా ఉండేలా ఉక్కుకు పదును పెడతారు. ఆ పొర రుద్దుడులో పోతే లోపలిది మెత్తన, అరగడం మొదలుపెడితే ఆగదు. "కొంచెం లైట్ చేసిపెట్టు మేస్త్రీ" అని మనమే అడుగుతాం, ఆ లైటే ఆరు నెలలకు కుదుపుకు కొట్టడంగా మారుతుంది. బరువుగా ఉందన్న ఒక్క కారణానికి .315 ట్రిగ్గర్ మీద రాయి పెట్టించకండి. మేస్త్రి గరుకు తీయడం వరకు సరే.

బోల్టు మార్చేద్దాం అంటే మాత్రం ఆగండి. బోల్టు మీద నంబరు, బాడీ మీద నంబరు ఒకటే ఉండాలి. వేరే రైఫిల్ బోల్టు వేస్తే తూటా వెనక సందు మారుతుంది. అది ట్రిగ్గర్ కంటే పెద్ద గండం.

మూడో దారి: మొత్తం ట్రిగ్గర్ సెట్టు

వీడియోల్లో చూసి కుర్రాళ్ళు ముందు అడిగేది ఇదే. అమెరికాలో మౌజర్ రకం రైఫిల్‌కు బరువు తగ్గించుకునే స్క్రూలున్న ట్రిగ్గర్ సెట్టు కొని గంటలో వేసుకుంటారు. గార్డుకు వేలాడే ట్రిగ్గర్ ఉన్న .315కు ఆ దారి దాదాపు లేనట్టే. మౌజర్‌కు ఉన్నా, మన చట్టంలో ఆయుధం అంటే దాని పార్టులు కూడా. విదేశీ సైట్‌లో ఆర్డర్ పెట్టడం ఫోన్ కవర్ తెప్పించుకోవడం లాంటిది కాదు, లైసెన్సు లేని దిగుమతి అవుతుంది. లైసెన్సున్న డీలర్ ద్వారా దొరికితే, మేస్త్రి చేత్తో, పాత సేఫ్టీ కొత్త ట్రిగ్గర్‌తో కలిసి పనిచేస్తోందని చూసుకున్నాకే.

కొత్తది కాబట్టి భద్రం అనుకోవడానికీ లేదు. అమెరికా రెమింగ్టన్ కంపెనీ 2014లో 700, సెవెన్ మోడల్ రైఫిళ్ళను వెనక్కి పిలిచింది. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా చేసిన ట్రిగ్గర్లలో కొన్నింటికి అంటించే జిగురు ఎక్కువై, లాగకుండానే పేలే అవకాశం ఉందని వాళ్ళే ప్రకటించారు. మా కొబ్బరినూనె కథకూ దానికీ పెద్ద తేడా లేదు.

నాలుగో దారి: ఫ్యాక్టరీ

ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు 2021 అక్టోబరు 1 నుంచి ఏడు కంపెనీలుగా విడిపోయింది. ఈషాపూర్, తిరుచ్చి ఫ్యాక్టరీలు ఇప్పుడు కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కింద ఉన్నాయి. కొత్తగా కొన్న రైఫిల్‌కు లోపం వస్తే వేరే ఎవరి చేతా విప్పించకుండా కొన్న డీలర్ ద్వారా అక్కడికే వెళ్ళడం మంచిది. పాతదానికి అసలు పార్టు, అసలు కొలత దొరకడం దీని సుగుణం. ముందు ఉత్తరం రాసి జవాబు తెప్పించుకోండి, ఆ తర్వాతే ప్రయాణం. కొరియర్‌లో వేద్దామనే ఆలోచన పెట్టుకోకండి.

ఐదో దారి: వదిలించుకోవడం

2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి ఆయుధాలు ఉండకూడదు. సియర్, కాకింగ్ పీస్, సేఫ్టీ మూడూ అరిగిన రైఫిల్‌కు ఆ రెండింటిలో ఒక చోటు ఎందుకు ఖర్చు చేసుకోవాలి? లైసెన్సున్న డీలర్‌కు ఇవ్వవచ్చు. లైసెన్సున్న ఇంకో మనిషికి అమ్మాలంటే కలెక్టరుకో, పోలీస్ స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. లోపం దాచి అమ్మకండి.

| దారి | ఏ లోపానికి | ఎవరి చేయి | ఇబ్బంది |
|---|---|---|---|
| శుభ్రం, స్క్రూలు | గరగర, నిలబడిపోవడం, మొదటి అంచె మారడం | మీరే | అరుగుదల పోదు |
| పార్టు మార్పిడి | సేఫ్టీ, కుదుపు పరీక్షలో ఫెయిల్ | లైసెన్సు మేస్త్రి | పార్టు కోసం ఎదురుచూపు |
| రాయి పట్టించడం | గరుకు మాత్రమే | లైసెన్సు మేస్త్రి | పై పొర పోతే తిరిగి రాదు |
| కొత్త సెట్టు | మౌజర్ రకానికి | డీలర్, మేస్త్రి | దొరకదు, దొరికితే ఖరీదు |
| ఫ్యాక్టరీ | కొత్త రైఫిల్, అసలు పార్టు | ఫ్యాక్టరీ | దూరం, ఆలస్యం |

ఎవరికి ఏది

ఏడాదికి రెండు తూటాలు కూడా పేల్చని రైతుకు మొదటి దారి, లోపం ప్రమాదపుదైతే రెండోది. అంతకు మించి అక్కర్లేదు. గురి పోటీలకు వెళ్ళే కుర్రాడు .315 ట్రిగ్గర్‌ను మెత్తబరచడం మీద డబ్బు పెట్టే బదులు క్లబ్బు రైఫిల్‌తో నేర్చుకోవడం మేలు. దీన్ని పోటీ ట్రిగ్గర్‌గా మార్చబోతే రెంటికీ చెడుతుంది. తాతగారి మౌజర్‌ను గుర్తుగా దాచుకున్నవాళ్ళు అసలు ట్రిగ్గర్‌ను పారేయకండి. కొత్తది వేయించినా పాతది అడిగి తెచ్చుకుని లైసెన్సు కాగితాలతో పాటు పెట్టండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, సేఫ్టీ పరీక్షలో ఫెయిలైన రైఫిల్ ఉంటే మేస్త్రి దగ్గరికి వెళ్ళే రోజు దాకా బోల్టు ఒక తాళంలో, రైఫిల్ ఇంకో తాళంలో.

తిరిగి తెచ్చుకునేటప్పుడు

మేస్త్రి కౌంటర్ దగ్గరే, ఆయన ముందే, ఖాళీ రైఫిల్‌తో మళ్ళీ అన్ని పరీక్షలూ చేయండి. ఆయన విసుక్కోడు. విసుక్కుంటే మేస్త్రిని మార్చండి. బిల్లులో ఏ పార్టు మార్చారో, రైఫిల్ నంబరు ఏమిటో రాయించుకోండి. తీసేసిన పార్టు అడిగి తీసుకోండి.

మాకు చివరికి సియర్ మార్చలేదు. మేస్త్రి భూతద్దంలో చూసి అంచు బాగానే ఉందన్నాడు. "బంక సగం చేసింది, ఇది సగం చేసింది" అంటూ పాత స్ప్రింగును, కొత్తదాన్ని బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. పాతది రెండు వేళ్ళ మధ్య సులువుగా మూసుకుపోయింది. కొత్తదాన్ని నొక్కితే వేలి మీద గీత పడింది. దాన్ని వేసి ఇరవైసార్లు సేఫ్టీ పరీక్ష చేశాం, ఒక్కసారీ కొట్టలేదు. ఇంటికి తెచ్చాక చిన్నాయన చేతికిస్తే ట్రిగ్గర్ సంగతి అడగనే లేదు, మ్యాగజైన్ పట్టుకు ఊపి చూశాడు. అదీ ఊగడం లేదు.